కాలేయ క్యాన్సర్: కణితికి ముప్పై ఏళ్ల ముందు జరిగే పరిశోధన

1970ల్లో పామర్ బీస్లీ అనే అమెరికన్ వైద్య శాస్త్రవేత్త తైవాన్‌లో ఒక పని మొదలుపెట్టాడు. చూడటానికి అది చాలా మామూలు పని. 22,707 మంది మగవాళ్ల రక్తం పరీక్షించి, కాలేయానికి వాపు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ ఎవరిలో ఉందో, ఎవరిలో లేదో రాసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్లలో ఎవరు ఏ జబ్బుతో చనిపోతున్నారో ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగులు. ఆరోగ్య రికార్డులు, బీమా వివరాలు పక్కాగా ఉంటాయి కాబట్టి మనుషులు లెక్కలోంచి జారిపోరు. 1981లో ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. అప్పటికి 307 మంది చనిపోయారు. వాళ్లలో కాలేయ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 41 మంది. ఆ 41 మందిలో 40 మంది ముందే రక్తంలో వైరస్ ఉన్నట్టు తేలినవాళ్లు.

వైరస్ ఉన్నవాళ్లు మొత్తం 3,454 మందే. లేనివాళ్లు 19 వేలకు పైగా ఉన్నారు. లెక్క కడితే వైరస్ ఉన్నవాళ్లకు ముప్పు 223 రెట్లు. సిగరెట్ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 15 నుంచి 30 రెట్లు అంటారు. దాని పక్కన పెట్టి చూస్తే 223 అనే అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. అప్పటిదాకా హెపటైటిస్-బికీ కాలేయ క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమో అన్న అనుమానాన్ని ఈ అధ్యయనం దాదాపు తేల్చేసింది. ఇక్కడ బీస్లీ కణితిని చూడలేదు. కణితి పుట్టకముందు మనిషిని చూశాడు.

కాలేయ క్యాన్సర్ పరిశోధనలో ఇప్పటివరకు ఎక్కువ ప్రాణాలు కాపాడిన పని అంతా ఇలాంటిదే. కణితి మీద నేరుగా చేసిన యుద్ధం కొన్ని నెలలు, మహా అయితే కొన్నేళ్లు ఇచ్చింది. కణితికి రెండు మూడు దశాబ్దాల ముందు కాలేయంలో ఏం జరుగుతోందని వెతికినవాళ్లు మాత్రం ఒక తరం పిల్లల్లో ఆ జబ్బునే సగానికి తగ్గించారు. అయినా వార్తల్లో ఎక్కువగా కనిపించేది కొత్త క్యాన్సర్ మందే. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 8.66 లక్షల మందికి కొత్తగా కాలేయ క్యాన్సర్ వచ్చింది, సుమారు 7.58 లక్షల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే, జబ్బు బయటపడ్డాక చేయగలిగింది ఎంత తక్కువో అర్థం చేసుకోవచ్చు.

దీనికి కారణం కాలేయం స్థితిలోనే ఉంది. రొమ్ములోనో పెద్దపేగులోనో కణితి పుట్టినప్పుడు దాని చుట్టూ ఉన్న అవయవం చాలావరకు బాగానే ఉంటుంది. కాలేయ క్యాన్సర్‌లో అలా కాదు. పదిమంది రోగుల్లో సుమారు ఎనిమిది మందికి అప్పటికే సిర్రోసిస్ ఉంటుంది, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోయి ఉంటుంది. డాక్టర్ ముందున్నది ఒకే రోగి, కానీ జబ్బులు రెండు. కణితిని కోసి తీసేద్దామంటే మిగిలిన కాలేయం ఒళ్లంతటి పనినీ మోయగలదా అన్న భయం ఉంటుంది. మందులు ఇద్దామంటే వాటిలో చాలావాటిని విరిచి బయటికి పంపాల్సింది ఆ దెబ్బతిన్న కాలేయమే.

ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఎంతో ఎక్కువ. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేస్తే, మిగిలిన భాగం కొద్ది వారాల్లోపే పెరిగి దాదాపు పాత బరువుకు చేరుకుందని చూపించారు. ఈ ప్రయోగాన్ని నేటికీ ప్రయోగశాలల్లో చేస్తూనే ఉన్నారు. అయితే ఈ వరమే ఏళ్ల తరబడి సాగే జబ్బులో ముప్పుగా మారుతుంది. వైరస్ వల్లో, మద్యం వల్లో, కొవ్వు వల్లో కణాలు రోజూ చస్తుంటే, వాటి స్థానంలో కొత్త కణాలు పుట్టడానికి పక్క కణాలు విభజన చెందుతూనే ఉండాలి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏ నకలు తీయాలి, నకలు తీసిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. చుట్టూ వాపు ఉంటే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు ఇలా సాగాక ఎక్కడో ఒక కణం అదుపు తప్పుతుంది.

హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టిన బరూచ్ బ్లంబర్గ్ అసలు దాన్ని వెతుకుతూ బయలుదేరినవాడు కాదు. ఒకే జబ్బు కొందరికి వచ్చి కొందరికి ఎందుకు రాదు, మనుషుల రక్తంలోని ప్రొటీన్లలో ఎలాంటి తేడాలున్నాయి అన్నది ఆయన ప్రశ్న. అందుకోసం ప్రపంచంలోని ఎన్నో జనసమూహాల నుంచి రక్తం సేకరించాడు. పరీక్ష పద్ధతి చాలా సాదా. గాజు పలక మీద అగర్ జెల్ పోసి, మధ్యలో ఒక చిన్న గుంట, చుట్టూ మరికొన్ని గుంటలు చేస్తారు. మధ్య గుంటలో ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, పోస్తారు, ఎందుకంటే రకరకాల మనుషుల రక్తం ఎక్కిన వాళ్లలో రకరకాల ప్రతిరక్షకాలు తయారై ఉంటాయి. చుట్టూ గుంటల్లో వేరేవాళ్ల సీరం పోసి వదిలేస్తారు. రెండూ జెల్‌లో ఊరుతూ వచ్చి ఎదురుపడిన చోట ప్రతిరక్షకం దేన్నైనా పట్టుకుంటే సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. 1963లో అలాంటి గీత ఒకటి పడింది. ఒకవైపు ఉన్నది అమెరికాలోని ఒక హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరం, మరోవైపు ఒక ఆస్ట్రేలియా ఆదివాసీది. ప్రతిరక్షకం పట్టుకునే పదార్థాన్ని యాంటిజెన్ అంటారు, అందుకే దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు.

అది వంశపారంపర్యంగా వచ్చే ప్రొటీన్ కావచ్చని మొదట అనుకున్నారు. ఆ లెక్కన ఒకసారి లేదని తేలినవాళ్లకు ఎప్పటికీ ఉండకూడదు. కానీ ముందు నెగెటివ్‌గా ఉన్న ఒక రోగి తర్వాత పాజిటివ్ అయ్యాడు, చూస్తే అతనికి హెపటైటిస్ వచ్చి ఉంది. తర్వాత ఆ ప్రయోగశాలలోనే పనిచేసే ఒక టెక్నీషియన్ ఒంట్లో బాగాలేక తన సీరాన్నే జెల్‌లో పెట్టి చూసుకుంది, అక్కడా గీత పడింది. 1967 నాటికి ఆ యాంటిజెన్‌కు హెపటైటిస్‌తో ఉన్న సంబంధం స్పష్టమైంది. అది వైరస్ పైతొడుగులోని ప్రొటీన్. వైరస్ మోసేవాళ్ల రక్తంలో ఈ ఖాళీ తొడుగులు లెక్కలేనన్ని తిరుగుతుంటాయి, వాటిలో వైరస్ జన్యుపదార్థం ఉండదు. వాటిని వేరుచేసి శుద్ధి చేస్తే టీకా అవుతుందని బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ 1969లో ప్రతిపాదించారు. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. రక్తం నుంచి తీసిన టీకాకు 1981లో, ఈస్ట్ కణాల్లో తయారైన టీకాకు 1986లో అమెరికాలో అనుమతి వచ్చింది.

తైవాన్ ఈ టీకాను జాతీయ కార్యక్రమంగా 1984లో మొదలుపెట్టింది, మొదట వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డలకు, రెండేళ్ల తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ. పసిపిల్లలకే ఎందుకంటే, పుట్టుకలో వైరస్ సోకిన పదిమంది పిల్లల్లో తొమ్మిది మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి ఐదుగురిలోపే. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయాలని డాక్టర్లు పట్టుబట్టేది అందుకే. మెయ్-హ్వే చాంగ్ బృందం 1997లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు పడిపోయింది. ఒక టీకా మనుషుల్లో క్యాన్సర్‌ను ఆపగలదని నిరూపించిన మొదటి రుజువు ఇది. ఈ ఒక్క ఫలితానికి దక్కాల్సినంత గుర్తింపు ఇంకా దక్కలేదు.

హెపటైటిస్-సి దారి వేరు. దానికి ఇప్పటికీ టీకా లేదు, అయినా రోగిని పూర్తిగా నయం చేసే మందు ఉంది. 1970ల్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హార్వే ఆల్టర్ రక్తం ఎక్కించుకున్న రోగులను గమనిస్తూ, ఎ వైరస్, బి వైరస్ రెండూ కాని మరేదో హెపటైటిస్ తెస్తోందని తేల్చాడు. ఆ ‘మరేదో’ పదేళ్లకు పైగా ఎవరి చేతికీ చిక్కలేదు. సూక్ష్మదర్శినిలో కనబడదు, ప్రయోగశాలలో పెరగదు. చివరికి కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ కూ వైరస్‌ను చూడకుండానే దాని జన్యువును పట్టుకున్నారు. జబ్బు సోకిన చింపాంజీ ప్లాస్మాలోని జన్యు ముక్కలన్నిటినీ బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్లుగా తయారు చేయించి, రోగి సీరం వాటిలో దేన్ని పట్టుకుంటుందో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయారు. లక్షల ముక్కలు జల్లెడ పడితే పనికొచ్చేది ఒకటి దొరికింది. 1989లో ఆ ఫలితం వెలువడింది, త్వరలోనే రక్తనిధుల్లో పరీక్ష మొదలైంది.

ఆ తర్వాత కూడా దాదాపు అందరికీ నయం చేసే మందు రావడానికి 24 ఏళ్లు పట్టింది. వైరస్ గాజు పాత్రలో పెరగకపోతే మందు పనిచేస్తోందో లేదో చూడటానికి దారి ఉండదు. 1997లో చార్లెస్ రైస్ బృందం వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చాలు, చింపాంజీకి జబ్బు తెప్పించగలదని చూపించింది. 1999లో రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ బృందం వైరస్ జన్యువులో కొంత భాగం మానవ కాలేయ కణాల్లో తనంతట తాను నకళ్లు తీసుకునేలా చేయగలిగింది. మందుల కంపెనీలకు కావాల్సిన సాధనం అక్కడ దొరికింది. 2013 చివర్లో సోఫోస్‌బువిర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2020 నోబెల్ ఆల్టర్, హౌటన్, రైస్‌లకు దక్కింది. చూ, కూ ఇద్దరినీ వదిలేశారన్న కారణంతో హౌటన్ 2013లో ఒక పెద్ద కెనడా పురస్కారాన్ని వద్దన్నాడు. ఇలాంటి పనిలో బహుమతి ముగ్గురికే ఇవ్వాలన్న నియమం ఎంత అన్యాయమో ఆయనకు బాగా తెలుసు.

బి వైరస్‌కు అలాంటి పూర్తి చికిత్స ఇంకా రాలేదు. ఉన్న మాత్రలు వైరస్‌ను అణచిపెడతాయి, క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి, కానీ చాలామంది వాటిని ఏళ్ల తరబడి వాడాల్సిందే. వైరస్ తన డీఎన్‌ఏను కాలేయ కణం కేంద్రకంలో ఉంగరంలా చుట్టి దాచుకోవడమే దీనికి కారణం. ఈ మాత్రలు ఆ ఉంగరాన్ని తాకలేవు. అసలు వైరస్ ఏ తలుపు నుంచి కణంలోకి దూరుతుందో తెలియడానికే 2012 దాకా పట్టింది. బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం పిత్త లవణాలను కణంలోకి తీసుకెళ్లే ఒక ప్రొటీనే ఆ తలుపని కనిపెట్టింది. దానివల్ల బి వైరస్ సోకే ప్రయోగశాల కణాలను తయారు చేసుకోవడం సులువైంది. ప్రపంచంలో సుమారు 25 కోట్ల మందిలో ఈ వైరస్ ఉండిపోయింది. టీకా వచ్చింది కదా అని ఈ పరిశోధనకు డబ్బు తగ్గించడం వాళ్లందరినీ వదిలేయడమే.

కాలేయ పరిశోధనలో తొందరపాటుకు మూల్యం ఎంతో 1993లో కనిపించింది. ఫియాలురిడిన్ అనే బి వైరస్ మందును 15 మంది రోగుల మీద పరీక్షిస్తున్నారు. జంతువుల్లో అంతా బాగానే ఉంది. రోగుల్లోనూ మొదటి వారాల్లో వైరస్ చక్కగా తగ్గింది. తర్వాత ఏడుగురికి కాలేయం పూర్తిగా దెబ్బతింది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మందు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను మెల్లగా పాడుచేస్తోంది. మామూలు జంతు పరీక్షల్లో ఆ ప్రభావం బయటపడలేదు. మానవ కాలేయ కణాలు పెట్టి పెంచిన ఎలుకల్లో ఆ విషప్రభావం కనిపిస్తుందని 2014లో చూపించారు. ఇలాంటి ఎలుకలు, చిన్న కాలేయ ముక్కల్లా పెరిగే ఆర్గనాయిడ్లు ఖర్చుతో కూడుకున్నవి. అయినా వాటిని విలాసం అనుకోకూడదు.

కాలేయ క్యాన్సర్‌కు కారణం వైరస్‌లు ఒక్కటే కాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం దాణాలోని వేరుశనగ పిండికి పట్టిన బూజు అని తేలింది. ఆ బూజు చేసే విషమే అఫ్లాటాక్సిన్. 1991లో చైనా నుంచి, దక్షిణ ఆఫ్రికా ప్రాంతం నుంచి వచ్చిన కణితులను పరీక్షించిన రెండు బృందాలు, కణాన్ని అదుపులో ఉంచే పీ53 జన్యువులో సరిగ్గా 249వ స్థానంలో ఒకే రకం మార్పు పదేపదే కనిపిస్తోందని చెప్పాయి. విషం తన వేలిముద్ర వదిలి వెళ్లినట్టే. ఈ విషమూ బి వైరస్సూ ఒకే మనిషిలో కలిస్తే ముప్పు రెండింటి మొత్తం కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కారణం ఏదైనా మధ్యలో వచ్చే మెట్టు ఒకటే: మచ్చ కట్టడం. ఆ మచ్చను ఎవరు కడుతున్నారన్నది చాలాకాలం తేలలేదు. కాలేయంలో విటమిన్-ఎ దాచుకునే నక్షత్రాకారపు కణాలుంటాయి. 1876లోనే కుప్‌ఫర్ వాటిని చూసినా, వాటిని వేరే రకం కణాలతో కలిపేయడంతో దాదాపు వందేళ్లు గందరగోళం నడిచింది. 1971లో జపాన్‌కు చెందిన కెన్‌జిరో వాకె ఆ చిక్కు విప్పాడు. 1980ల మధ్యలో స్కాట్ ఫ్రీడ్‌మన్ వాటిని ఎలుక కాలేయం నుంచి వేరుచేశాడు. వాటి లోపల కొవ్వు బిందువులుంటాయి కాబట్టి అవి మిగతా కణాల కన్నా తేలికగా పైకి తేలతాయి, ఆ గుణాన్నే ఆయన వాడుకున్నాడు. ఆ కణాలను గట్టి ప్లాస్టిక్ పళ్లెంలో పెంచితే కొన్ని రోజుల్లో చదునుగా పరుచుకుంటాయి, విటమిన్ బిందువులు పోతాయి, మచ్చను కట్టే కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారు చేయడం మొదలవుతుంది. మెత్తటి జెల్ మీద పెంచితే అంతగా మారవు. అంటే కాలేయం గట్టిపడటం జబ్బుకు ఫలితం మాత్రమే కాదు, జబ్బును ఇంకా ముందుకు నెట్టే కారణం కూడా. అతి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కారణాన్ని తీసేస్తే ఈ కణాల్లో కొన్ని చచ్చిపోతాయి, కొన్ని శాంతిస్తాయి, మచ్చ కొంత కరుగుతుంది. సిర్రోసిస్ అంటే ఇక వెనక్కి రాదన్న పాత నమ్మకం ఇప్పుడు లేదు. అయితే సిర్రోసిస్ దాకా వెళ్లిన మనిషికి సి వైరస్ నయమైనా క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు, స్కానింగ్‌లు ఆపకూడదు.

ఇక కణితి మీద పని. 1996లో ఇటలీలోని మిలాన్‌లో విన్సెంజో మజ్జఫెర్రో బృందం, 5 సెంటీమీటర్లు మించని ఒక్క కణితి, లేదా 3 సెంటీమీటర్లు మించని మూడు కణితులలోపు ఉన్నవాళ్లకు కాలేయ మార్పిడి చేస్తే నాలుగేళ్ల తర్వాత నూటికి 75 మంది బతికే ఉన్నారని చూపించింది. కొత్త కాలేయంతో కణితీ పోతుంది, సిర్రోసిస్సూ పోతుంది. జబ్బు ముదిరినవాళ్లకు 2007లో సోరాఫెనిబ్ అనే మందు వచ్చింది. సగటు ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. అదే పెద్ద విజయమనుకున్నారు, అప్పటిదాకా ఏ మందూ ఆ మాత్రం చేయలేదు మరి. 2020లో అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జంట దాన్ని దాటింది. ఆ పరీక్షలో సోరాఫెనిబ్ తీసుకున్నవాళ్లు 13.4 నెలలు, కొత్త జంట తీసుకున్నవాళ్లు 19.2 నెలలు బతికారు. ఒక కుటుంబానికి ఆ ఆరు నెలలు చిన్నవి కావు.

ఇక్కడ పరిశోధకులను వేధించే సమస్య ఒకటుంది. సిర్రోసిస్ ఉన్న రోగికి సీటీ, ఎంఆర్‌ఐలలో స్పష్టమైన లక్షణాలు కనిపిస్తే బయాప్సీ (సూదితో ముక్క తీసి చేసే పరీక్ష) లేకుండానే కాలేయ క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. రోగికి అది మేలే, సూది పోటు, రక్తస్రావం భయం తప్పుతాయి. కానీ పరిశోధకుల చేతికి కణితి ముక్క దొరకదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏ జన్యు మార్పుకు ఏ మందో తేల్చగలిగింది వేల కణితులను పరీక్షించడం వల్లే. కాలేయంలో తరచూ కనిపించే మార్పులు టెర్ట్, పీ53, బీటా-కెటెనిన్ జన్యువుల్లో ఉంటాయి, వీటిలో దేన్నీ నేరుగా గురిపెట్టే మందు వాడకంలోకి రాలేదు. కొత్త మందుల పరీక్షల్లో చేరే రోగుల సమ్మతితో కణితి ముక్క తీసుకోవడం మామూలు పద్ధతి కావాలి. అది లేకుండా ఎవరికి ఏ మందో ఊహించడమే మిగులుతుంది.

ఇప్పుడు అసలైన టెన్షన్ ఫ్యాటీ లివర్‌తో. 1980లో మేయో క్లినిక్‌కు చెందిన యుర్గెన్ లుడ్విగ్ మద్యం ముట్టని, లేదా పెద్దగా తాగని 20 మంది రోగుల కాలేయాల్లో తాగేవాళ్ల కాలేయంలో కనిపించే మార్పులే చూసి రాశాడు. ఈ రోజు ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడో వంతు మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంది. 2008లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక చిన్న తేడా ఉన్నవాళ్లలో కొవ్వు ఎక్కువగా పేరుకుంటోందని కనిపెట్టింది. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరి కాలేయం ఎందుకు పాడవుతుందో దీనివల్ల కొంత అర్థమైంది. మచ్చ కట్టే దశకు చేరినవాళ్లకు 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లుటైడ్ అమెరికాలో అనుమతి పొందాయి. అయితే వీటి వల్ల ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్ తగ్గుతుందా అన్నది తేలాలంటే అన్నేళ్లూ రోగులను గమనించాల్సిందే.

దీనికన్నా చిక్కైన విషయం, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో కొందరికి సిర్రోసిస్ రాకుండానే క్యాన్సర్ వస్తుంది. సిర్రోసిస్ ఉంటే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయాలని నియమం ఉంది. షాంఘైలో 18,816 మంది మీద చేసిన పరీక్షలో, బి వైరస్ లేదా దీర్ఘకాలిక హెపటైటిస్ ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ (కాలేయ కణితి ఉన్న చాలామంది రక్తంలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష చేస్తే కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయని 2004లో చూపించారు. కానీ ఫ్యాటీ లివర్ ఉన్న కోట్ల మందికీ అలా చేయడం కుదిరే పని కాదు. పైగా లావుగా ఉన్నవాళ్లలో అల్ట్రాసౌండ్ సరిగా కనబడదు. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో కూడా తొలిదశ కణితుల్లో అల్ట్రాసౌండ్ ఒక్కటే పట్టుకునేది సగం లోపే, ఏఎఫ్‌పీ కలిపితే సుమారు 63 శాతం. అందుకే రక్తంలో తేలే కణితి డీఎన్‌ఏ పరీక్షలు, కొద్ది నిమిషాల్లో ముగిసే ఎంఆర్‌ఐ స్కాన్‌లు, మరికొన్ని రక్త గుర్తులను కలిపి లెక్కగట్టే స్కోర్లు ఇప్పుడు పరీక్షలో ఉన్నాయి. వీటిలో ఏది గెలిచినా, ముందు వయసు, షుగర్, జన్యువులు, మచ్చ స్థాయి చూసి నిజంగా ముప్పున్న కొద్దిమందిని కోట్ల మందిలోంచి వేరుచేయగలగాలి. కొత్త కణితి మందుకు పెట్టే డబ్బులో కొంతైనా ఈ పనికి మళ్లితే, ముదిరాక ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుంది.